బైసన్‌ని బతికించినవాడు, మనిషిని బోనులో పెట్టినవాడు

ఇవాళ ఒక అమెరికన్ గురించి మాట్లాడుకుందాం. పేరు విలియం టెంపుల్ హార్నడే. మీలో చాలామంది విని ఉండరు, మొన్నటిదాకా నేనూ వినలేదు. కానీ అతను చేసిన పని మాత్రం మీరు చూసే ఉంటారు. డాక్యుమెంటరీల్లో మంచులో నిలబడి, ముక్కులోంచి ఆవిరి వదులుతూ ఒక పెద్ద తలకాయ జంతువు కనిపిస్తుంది చూడండి, అమెరికన్ బైసన్. అది ఇవాళ భూమ్మీద మిగిలి ఉందంటే దానికోసం గట్టిగా నిలబడ్డ కొద్దిమందిలో హార్నడే ఒకడు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ఎపిసోడ్ స్క్రిప్టు నేను రెండుసార్లు రాశాను. మొదటిది పూర్తిగా హీరో కథ. మన ఛానెల్లో బాగా ఆడే టైపు: ఒంటరి మనిషి, ఎవరూ పట్టించుకోని సమస్య, చివరికి గెలుపు. రాస్తూ రాస్తూ 1906 సెప్టెంబర్ దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అక్కడ ఏం జరిగిందో కాసేపట్లో చెప్తాను. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెప్తా. మొదటి స్క్రిప్టులో అంతా ‘ఆయన’ అని రాసుకున్నాను. రెండోదాంట్లో ఎప్పుడు మారిందో నాకే తెలీదు, ‘అతను’ అయిపోయింది. అలాగే ఉంచేశాను.

సరే, మొదలుపెడదాం.

హార్నడే 1854లో ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. రైతు కుటుంబం. చిన్న వయసులోనే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. కాలేజీలో ఉండగా అతనికి ఒక పని మీద పిచ్చి పట్టింది, ట్యాక్సిడెర్మీ. అంటే చచ్చిన జంతువు తోలుని శుభ్రం చేసి, లోపల దాని ఆకారంలో అచ్చు తయారుచేసి, బతికున్నట్టే నిలబెట్టడం. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో వార్డ్ అనే ఆయన కంపెనీ ఒకటుండేది. ప్రపంచంలోని మ్యూజియాలకి జంతువుల తోళ్లూ ఎముకల గూళ్లూ సప్లై చేయడమే వాళ్ల వ్యాపారం. హార్నడే చదువు మధ్యలో వదిలేసి అందులో చేరాడు. కొన్నాళ్లకి కంపెనీ అతన్ని ఆసియా పంపింది. చేతికి ఒక లిస్టు ఇచ్చారు: ఏనుగు, పులి, మొసలి, కోతులు... దొరికినన్ని.

అలా 1877లో అతను మన దేశంలో ఉన్నాడు. మద్రాస్ ప్రెసిడెన్సీలో నీలగిరి, ఆనమలై కొండల్లో ఏనుగుల్నీ పులినీ అడవిదున్నల్నీ వేటాడాడు. ఆ సంవత్సరం గుర్తుందా? మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే కరువు అప్పుడే నడుస్తోంది. కడప, కర్నూలు, బళ్లారి వైపు ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోతున్న రోజులు. హార్నడే తిరిగింది అటు తమిళ ప్రాంతపు కొండల్లో. ఆ ప్రయాణాల మీద 1885లో ‘టూ ఇయర్స్ ఇన్ ది జంగిల్’ అని పుస్తకం కూడా వేశాడు, బాగా అమ్ముడుపోయింది.

ఇక్కడొక చిన్న కన్ఫ్యూజన్ తీర్చేద్దాం. పాపికొండల్లో కనిపించే అడవిదున్నని ఇంగ్లిషులో ‘ఇండియన్ బైసన్’ అనేస్తుంటారు. దాని అసలు పేరు గౌర్, అది వేరే జాతి. మన కథలో బైసన్ అంటే అమెరికాది మాత్రమే.

ఆ అమెరికా బైసన్లు ఒకప్పుడు ఎన్ని ఉండేవి? కచ్చితంగా ఎవరూ లెక్కపెట్టలేదు. అంచనాలు మాత్రం మూడు కోట్లతో మొదలవుతాయి. మంద ఒకటి పట్టాలు దాటుతుంటే రైళ్లు గంటల తరబడి ఆగిపోయేవి. మధ్య మైదానాల్లో ఉండే లకోటా, షయెన్, కొమాంచీ, కయోవా లాంటి జాతులకి బైసనే తిండి. గుడారం దాని తోలే, దుప్పటి దాని తోలే, దారం దాని నరమే, గరిటె దాని కొమ్మే.

1869లో అమెరికా ఈ చివర నుంచి ఆ చివరికి రైలు కలిసింది. 1871 ప్రాంతంలో బైసన్ తోలుని గట్టి లెదర్‌గా మార్చే పద్ధతి దొరికింది. ఆ లెదర్ ఎక్కడికి పోయేదో తెలుసా? ఫ్యాక్టరీల్లో మిషన్లు తిప్పే బెల్టులకి. ఇక చూడండి, వేటగాళ్లు గుంపులు గుంపులుగా దిగారు. దూరం నుంచి కొట్టే పెద్ద రైఫిళ్లు. ఒక్కడు ఒక్క రోజులో పదుల కొద్దీ కూల్చేవాడు. తోలు తీసుకుని, మహా అయితే నాలుక కోసుకుని, మిగతా శరీరం అక్కడే కుళ్లిపోవడానికి వదిలేసేవాళ్లు. సైన్యంలో కొందరు పెద్దలకి ఇది బాగానే ఉంది. బైసన్ పోతే ఆ జాతులు ఆకలికి లొంగి, గీసిన గీతలోపల రిజర్వేషన్లలో కూర్చుంటాయని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు. 1883 వచ్చేసరికి పెద్ద మందలు లేవు. తర్వాత కొన్నేళ్లపాటు జనం మైదానాల్లో ఎముకలు ఏరుకుని, బళ్లకెత్తి, ఎరువుల కంపెనీలకి అమ్ముకున్నారు.

ఇప్పుడు హార్నడే దగ్గరికి వద్దాం. 1882 నుంచి అతను వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ వాళ్ల నేషనల్ మ్యూజియంలో చీఫ్ ట్యాక్సిడెర్మిస్ట్. 1886లో ఒకరోజు స్టాకు చెక్ చేసుకుంటే, చూపించడానికి పనికొచ్చే బైసన్ ఒక్కటి కూడా మ్యూజియంలో లేదు. పశ్చిమాన ఉన్న సైనికాధికారులకీ, పశువుల ఆసాములకీ, వేటగాళ్లకీ వరసపెట్టి ఉత్తరాలు రాశాడు, మీ వైపు ఎన్ని ఉన్నాయి అని. వచ్చిన జవాబులు చదివి అదిరిపోయాడు. దాదాపు ఎక్కడా లేవు.

అప్పుడు అతను ఏం చేశాడో వినండి. తుపాకీ తీసుకుని బయల్దేరాడు.

అవును, మిగిలిన ఆ కాసిన్నింటినే చంపడానికి. అతని లాజిక్ ఇది: ఈ జంతువు ఎలాగూ పోతోంది. పోకముందే మంచి నమూనాలు తెచ్చి మ్యూజియంలో నిలబెడితే, రేపటి పిల్లలకి కనీసం చూపించడానికైనా ఉంటుంది. నేను నాలుగేళ్లు డేటాబేస్ టీమ్‌లో పనిచేశాను. నాకిది వినగానే ఒకటే అనిపించింది, బ్యాకప్ తీయడానికి ఒరిజినల్‌ని డిలీట్ చేయడం అన్నమాట! నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ రోజున అతని దగ్గర వేరే దారి కనిపించేది కాదేమో. బైసన్‌ని కాపాడే దేశవ్యాప్త చట్టం లేదు, కాపాడేవాళ్లూ బాగా తక్కువ.

మే నెలలో మోంటానాలోని మైల్స్ సిటీకి వెళ్లాడు. అప్పుడు బైసన్లు బొచ్చు రాల్చే కాలం, తోళ్లు బాగోలేవు. ఒక చిన్న దూడ మాత్రం ప్రాణాలతో దొరికింది. ఇసుక రంగులో ఉందని శాండీ అని పేరు పెట్టి వాషింగ్టన్ తీసుకొచ్చాడు. కొన్నాళ్లు మ్యూజియం దగ్గర గడ్డిలో తాడు కట్టి పెంచారు. జనం వచ్చి చూసేవాళ్లు. ఎక్కువ రోజులు బతకలేదు. శరత్కాలంలో హార్నడే మళ్లీ మోంటానా వెళ్లాడు. ఈసారి డిసెంబర్ దాకా ఉండి పాతికదాకా బైసన్లని చంపాడు. పెద్ద మగవాటిని కోస్తే లోపల పాత తూటాలు దొరికేవి. అంటే అంతకుముందే ఎన్నోసార్లు ఎవరెవరి తుపాకులనుంచో తప్పించుకుని తిరుగుతున్నవే మిగిలాయి.

ఆ వేటలో ఒక రాత్రి జరిగిన సంగతి ఉంది. ఇది హార్నడే తనే రాసుకున్నాడు. సాయంత్రం ఒక మగ బైసన్‌ని కూల్చాడు. చీకటి పడింది, తోలు రేపు తీద్దాంలే అని వదిలేసి క్యాంపుకి వెళ్లిపోయాడు. పొద్దున వచ్చి చూస్తే తోలు లేదు, మాంసం లేదు, ఎముకలు కూడా పగలగొట్టి మూలుగ తీసుకుపోయారు. తల ఒక్కటే ఉంది. దానికి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క పసుపు రంగు పూసి, కొమ్ముకి ఎర్ర గుడ్డ ముక్క కట్టారు. స్థానిక ఇండియన్లు వచ్చి వెళ్లారని హార్నడేకి అర్థమైంది. తన నమూనా దొంగిలించారనీ, పైగా తనని వెక్కిరించారనీ మండిపడ్డాడు.

ఈ పేరా దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ తలకి రంగు పూసినవాళ్లు ఏమనుకుని పూశారో మనకి తెలిసే దారి లేదు. వెక్కిరింతే కావచ్చు. ఆఖరి బైసన్లలో ఒకదానికి చేసిన మర్యాద కావచ్చు. ఆ చలికాలం ఆకలితో ఉన్న కుటుంబం ఎవరిదో ఆ మాంసం తిని ఉంటుంది. హార్నడే బైసన్‌ని చూశాడు, బైసన్ పోతోందని చూశాడు. దాని వెంట పోతున్న మనుషులు మాత్రం అతని నోట్‌బుక్కులో దొంగలు.

1888లో మ్యూజియంలో ఆరు బైసన్ల గుంపు తెరిచారు. పెద్ద గాజు పెట్టెలో మోంటానా మట్టీ మోంటానా గడ్డీ తెచ్చి పరిచి, వాటి మధ్య నిలబెట్టారు. అందులో శాండీ కూడా ఉంది. జనం విరగబడి చూశారు. చాలా ఏళ్ల తర్వాత, 1950ల్లో దాన్ని విప్పుతుంటే కింద ఒక పెట్టెలో హార్నడే రాసి దాచిన కాగితం దొరికింది. నేను దుమ్మూ బూడిదా అయిపోయాక వీటిని పాడవకుండా చూసుకోండి అని ముందుతరాల మ్యూజియం వాళ్లని బతిమాలుకున్నాడు. ఆ ఆరూ ఇప్పుడు మోంటానాలోనే, ఫోర్ట్ బెంటన్ అనే ఊళ్లో ఉన్నాయి.

ఆ ఎగ్జిబిట్ దగ్గరే మనిషి మారడం మొదలైంది. 1889లో అతని రిపోర్టు వచ్చింది, ‘ది ఎక్స్‌టర్మినేషన్ ఆఫ్ ది అమెరికన్ బైసన్’. అందులో ఆ ఏడు జనవరి 1 నాటికి ఉత్తర అమెరికా మొత్తం మీద బైసన్ల లెక్క ఉంది. జనం పెంచుకుంటున్నవి 256. యెల్లోస్టోన్ పార్కులో 200. కెనడాలో 550 ఉండొచ్చని అంచనా. అమెరికాలో ఏ రక్షణా లేకుండా అడవిలో తిరుగుతున్నవి 85. మొత్తం 1,091. మూడు కోట్ల నుంచి వెయ్యి! ఎవరైనా నా ముందు ‘ఒక్కటి పోతే ఏమవుతుందిలే’ అంటే నేను ఈ అంకె చెప్తున్నాను ఈమధ్య.

ఇక చచ్చినవాటిని నిలబెట్టడం కాదు, బతికున్నవాటిని పెంచాలి అనుకున్నాడు. వాషింగ్టన్‌లో నేషనల్ జూ రావడానికి మొదటి పునాది అతనే వేశాడు. పై అధికారితో పడక 1890లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కొన్నేళ్లు రియల్ ఎస్టేట్ చేశాడు (నిజంగానే!). 1896లో న్యూయార్క్ వాళ్లు పిలిచి కొత్తగా కట్టబోయే జూ చేతిలో పెట్టారు. అదే బ్రాంక్స్ జూ. 1899లో తెరిచారు. 1926 దాకా అతనే డైరెక్టర్. అక్కడ బైసన్ల మందని పెంచడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు 1906.

కాంగో నుంచి ఓటా బెంగా అనే యువకుణ్ని అమెరికా తీసుకొచ్చారు. ఎంబూటీ జాతి, పొట్టిగా ఉంటారు. కాంగో అప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిలా ఉండేది. రబ్బరు కోసం అక్కడ జరిగిన ఘోరాల మీద విడిగా ఎపిసోడ్ చేయాలి. శామ్యూల్ వెర్నర్ అనే వ్యక్తి 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో చూపించడానికి ఇతన్ని మొదట తెచ్చాడు. రెండోసారి 1906లో తెచ్చి, డబ్బుల్లేక, ఉంచడానికి చోటు లేక, చివరికి బ్రాంక్స్ జూలో వదిలాడు.

సెప్టెంబర్ 8న హార్నడే ఓటా బెంగాని మంకీ హౌస్‌లో, అంటే కోతుల ఇంట్లో, బోనులో పెట్టి జనానికి చూపించడం మొదలుపెట్టాడు. పక్కన ఒక ఒరాంగుటాన్. బోను ముందు బోర్డు: పేరు, వయసు 23, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 103 పౌండ్లు, ఎక్కడినుంచి తెచ్చారు, ఎవరు తెచ్చారు, సెప్టెంబర్ అంతా రోజూ మధ్యాహ్నం ప్రదర్శన. జూలో ప్రతి జంతువుకీ ఉంటుంది చూడండి, అలాంటి బోర్డే. ఒక్క ఆదివారం నాడే 40 వేలమంది దాకా వచ్చారని అప్పటి పేపర్లు రాశాయి. జూలో తిరగనిస్తే వెంటపడి తరిమారు, పొడిచారు, కాలు అడ్డం పెట్టి పడేశారు.

నేను స్క్రిప్టు ఆపింది ఇక్కడే. ఒక గంటసేపు నాకు నేనే వకీలుగా వాదించుకున్నాను. ‘అది ఆ కాలం అలాంటిది, అప్పుడు అందరూ అంతే, ఇప్పటి కళ్లతో చూడకూడదు.’ మీరూ ఇదే అనుకుంటూ ఉంటారు.

కానీ అందరూ అంతే కాదు. బ్రూక్లిన్‌లో నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమం నడిపే పాస్టర్ జేమ్స్ గోర్డన్ రెండు రోజులు తిరక్కుండానే జూకి వచ్చి నిలదీశారు. మా జాతిని కోతుల పక్కన పెట్టి చూపించకుండానే మేం పడుతున్నది చాలదా అని అడిగారు. ఆయనా, ఇంకా కొందరు నల్లజాతి పాస్టర్లూ మేయర్ని కలవడానికి వెళ్తే మేయర్ కలవలేదు. అదే నగరం, అదే నెల, అదే గాలి పీల్చినవాళ్లు. వాళ్లకి కనిపించింది. ‘ఆ కాలంలో అందరూ’ అనే మాటలో గోర్డన్ గారిని లెక్కెయ్యం కాబట్టే ఆ మాట నిలబడుతోంది.

హార్నడే వెనక్కి తగ్గలేదు. ఇది మానవ జాతుల శాస్త్రానికి సంబంధించిన ప్రదర్శన అని సమర్థించుకున్నాడు. గొడవ పెరిగాక, నెలాఖరుకి ఓటా బెంగాని గోర్డన్ గారి ఆశ్రమానికి పంపేశారు. తర్వాత అతను వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో చదువుకున్నాడు, పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడి పిల్లలకి అడవిలో వేటాడటం, చేపలు పట్టడం నేర్పేవాడట. ఇంటికి వెళ్లాలనుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఓడలు సాగలేదు. 1916 మార్చి 20న తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఇక మళ్లీ బైసన్ల కథలోకి. చెప్పక తప్పదు, ఎందుకంటే హార్నడే చేసిన గొప్ప పని సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే జరిగింది. 1905 డిసెంబర్‌లో అమెరికన్ బైసన్ సొసైటీ పెట్టారు. హార్నడే అధ్యక్షుడు, దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గౌరవాధ్యక్షుడు. 1907 అక్టోబర్‌లో, అంటే ఆ బోను గొడవ జరిగిన దాదాపు ఏడాదికి, అదే జూ నుంచి 15 బైసన్లని రైలెక్కించి ఓక్లహామాలోని విచిటా కొండలకి పంపారు. వారం ప్రయాణం. దిగేచోట కొమాంచీ జనం వచ్చి నిలబడ్డారు. వాళ్ల నాయకుడు క్వానా పార్కర్ కూడా వచ్చాడు. ముసలివాళ్లు కథల్లో చెప్పిన జంతువుని పిల్లలు మొదటిసారి కళ్లారా చూశారు. ఇది నిజంగా అందమైన దృశ్యం. దీన్ని చెడగొట్టాలని నాకు లేదు.

1908లో మోంటానాలో నేషనల్ బైసన్ రేంజ్ ఏర్పాటైంది. సొసైటీ ఊరూరా చందాలు పోగుచేసి దానికి జంతువుల్ని కొనిచ్చింది. కానీ ఆ స్థలం ఎవరిది? ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌లోది. అక్కడి సేలిష్, కూటెనై జాతుల భూమి, వాళ్ల ఇష్టంతో పని లేకుండా తీసుకున్నారు. ఇంకో ట్విస్టు ఉంది. అదే రిజర్వేషన్‌లో మిషెల్ పాబ్లో, చార్లెస్ అలార్డ్ అనే ఇద్దరు, ఈ సొసైటీ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే ఒక మందని కొని పెంచారు. ఆ మంద సంతతి నుంచే రేంజికి జంతువులు వచ్చాయి. అంటే బైసన్‌ని కాపాడింది న్యూయార్క్ ఒక్కటే కాదన్నమాట. మన పుస్తకాల్లో పేరు ఎక్కింది మాత్రం న్యూయార్క్‌ది.

పక్షుల విషయంలోనూ హార్నడే పోరాడాడు. ఆడవాళ్ల టోపీల కోసం కొంగల్ని ఈకలకి చంపే రోజులవి. 1913లో ‘అవర్ వానిషింగ్ వైల్డ్ లైఫ్’ పుస్తకం రాసి కాంగ్రెస్ సభ్యులకి పంచాడు. అదే ఏడాది అడవిపక్షుల ఈకల దిగుమతి ఆపేశారు, వలసపక్షులకి మొదటి చట్టం వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే సిన్సినాటి జూలో మార్తా అనే పావురం చచ్చిపోయింది. ఒకప్పుడు కోట్లల్లో ఎగిరిన ప్యాసింజర్ పీజియన్ జాతిలో అదే చివరిది. కాబట్టి పుస్తకం ఊరికే భయపెట్టింది కాదు. కానీ అదే పుస్తకంలో పక్షుల్ని చంపి తినే ఇటాలియన్ వలస కూలీల మీదా, దక్షిణాది నల్లజాతివాళ్ల మీదా రాసిన పేజీలున్నాయి. చదివితే ఒళ్లు మండుతుంది. సరదాకి వేటాడే ధనవంతుల్ని కూడా తిట్టాడు, నిజమే. వాళ్లని అలవాటు కోసం తిట్టాడు, వీళ్లని పుట్టుక కోసం తిట్టాడు.

జూ పెట్టిన సొసైటీలో హార్నడేకి తోటివాడు మాడిసన్ గ్రాంట్ అని ఒకడున్నాడు. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల కోసం పనిచేసినవాడే. 1916లో తెల్లజాతి గొప్పదనం మీద పుస్తకం రాశాడు, అది జర్మనీ దాకా వెళ్లి నాజీలకి బాగా నచ్చింది. 1924 వలస చట్టం కోసం గట్టిగా పనిచేసినవాళ్లలో గ్రాంట్ ఉన్నాడు. 1917లో ఒకటీ, 1924లో ఇంకొకటీ, ఆ రెండు చట్టాలతో మన దేశం వాళ్లకి అమెరికా తలుపు మూసుకుపోయింది. 1965లో చట్టం మారేదాకా పెద్దగా తెరుచుకోలేదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో కూర్చుని ఈ ఎపిసోడ్ చూస్తున్న మనవాళ్లూ, ఈ కథ మీకు దూరం కాదు.

హార్నడే 1937లో చనిపోయాడు. తర్వాత యెల్లోస్టోన్‌లో ఒక కొండకి అతని పేరు పెట్టారు. అమెరికా స్కౌట్స్‌లో ప్రకృతి సేవకి ఇచ్చే అవార్డుకి దశాబ్దాల పాటు అతని పేరే ఉంది, 2020లో తీసేశారు. అదే ఏడాది జూలైలో బ్రాంక్స్ జూ నడిపే సంస్థ ఓటా బెంగా విషయంలో క్షమాపణ చెప్పింది. 114 ఏళ్లు పట్టింది. అదే డిసెంబర్‌లో నేషనల్ బైసన్ రేంజిని సేలిష్, కూటెనై జాతులకి తిరిగి ఇచ్చేస్తూ చట్టం చేశారు. 2016 నుంచి బైసన్ అమెరికా జాతీయ క్షీరదం. పశువుల్లా పెంచుతున్నవి కూడా కలిపితే ఇవాళ లక్షల్లో ఉన్నాయి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఉద్యోగం చేసే రోజుల్లో ఆఫీసు పని మీద మూడు వారాలు న్యూజెర్సీ వెళ్లాను. ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో కలిసి బ్రాంక్స్ జూకి వెళ్లాం. బైసన్ల దగ్గర సెల్ఫీ దిగాను, అప్పట్లో అదే నా డీపీ. ఈ ఎపిసోడ్ కోసం ఆ ఫొటోలన్నీ మళ్లీ తీసి చూశాను. సీ లయన్ల కొలను దగ్గర నేను ఐస్‌క్రీమ్ తింటూ ఉన్నది ఒకటుంది, వెనకాల వరసగా పాత భవనాలు. మంకీ హౌస్‌ని 2012లోనే మూసేశారు, భవనం ఆ చుట్టుపక్కలే. ఫొటోని ఎంత జూమ్ చేసినా వాటిలో అది ఏదో పోల్చుకోలేకపోయాను.